ఎడమ స్పీకరు

మా ఆవిడ చనిపోయి ఏడాది దాటింది. ఇప్పటికీ రోజూ పొద్దున పదింటికి మా వీధిలో ఉల్లిపాయలు అమ్ముతుంది.

కంగారు పడకండి, ఇందులో వింతేమీ లేదు. మా నల్లపాడులో, ఆ మాటకొస్తే సగం గుంటూరులో, ఆటోల మీద మైకులో వినపడే ఆడగొంతు రాగసుధది. "రండమ్మా రండి, ఎర్ర ఉల్లిపాయలు, మంచి ఉల్లిపాయలు" అని నాలుగేళ్ళ కిందట మా ఇంట్లోనే రికార్డు చేసి ఇచ్చాం. ఆ ఆటో అతను ఇప్పటికీ అదే వేస్తాడు. మానెయ్యమని నేనూ చెప్పలేదు. ఆటో గుమ్మం ముందుకి రాగానే గిన్నె పట్టుకుని వెళ్ళి ఓ కిలో తెచ్చుకుంటాను. మొదట్లో వీధిలో ఆడవాళ్ళు నా మొహంలోకి తొంగిచూసేవాళ్ళు. అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయేసరికి వాళ్ళూ మానేశారు.

నా పేరు రామకాంత్. నోటితో బతికేవాణ్ణి. విత్తనాల షాపులకీ, పురుగుమందుల వాళ్ళకీ, చీరల సేల్స్‌కీ ప్రకటనలు చదివి రికార్డు చేసి ఇస్తాను. మగగొంతు నాది, ఆడగొంతు సుధది. రాసే అలవాటు నాకు లేదు. ఇప్పుడు ఎదురింటి అరుగు మీద కూర్చుని, బట్టల కొలతలు రాసుకునే పుస్తకంలో వెనకనుంచి రాస్తున్నాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

సుధకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఎనిమిది నెలలు మంచంలోనే ఉంది. మైకు ముందు గంటసేపు గుక్క తిప్పుకోకుండా చదివే మనిషికి చివరికి ఒకే మాట మిగిలింది. ఏమండీ. దోమ కుట్టినా, పక్క తడిసినా ఏమండీ. ఎప్పుడో ఒకసారి దానికి ఇంకో మాట తగిలించగలిగితే ఆ రోజు పండగ.

పోయినేడాది ఏప్రిల్లో ఆ రోజు నేను పక్క గదిలో మిర్చి విత్తనాల ప్రకటన చేస్తున్నాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. బయటి చప్పుడు చెవిలో పడనివ్వని రకం, ఏరి మరీ కొన్నవి. రెండు గంటల పైనే కూర్చున్నాను. మా పాప అన్వితకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఒంటిపూట బడి నుంచి వచ్చి నా భుజం తట్టి, అమ్మ పిలిస్తే పలకడం లేదని చెప్పింది.

ఎదురింటి శివపార్వతి గారు బట్టలు కుడతారు. పదకొండో రోజు విస్తళ్ళు వేస్తూ మామూలుగా ఒక మాటన్నారు. ఆ రోజు సుధ పిలవడం ఆమెకి వినపడిందట. అన్నయ్యగారు ఇంట్లోనే ఉన్నారుగా అని మిషను తొక్కుకుంటూ ఉండిపోయారట. రోడ్డు దాటి అవతలికి వినపడిన పిలుపు, గోడకి ఇవతల పన్నెండు అడుగుల్లో ఉన్న నాకు వినపడలేదు.

నేను ఏడవలేదు. రాయిలాంటి మనిషి అన్నారు మా అత్తగారి వైపు వాళ్ళు. అననీ. లోపల ఎక్కడో ఫ్యూజు పోయింది, ఇంట్లో స్విచ్చులన్నీ వేసి చూసినా ఏదీ వెలగడం లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా అనుకున్నాను. ఇక జన్మలో హెడ్‌ఫోన్లు పెట్టుకోను. నాకు మిగిలింది పిల్ల ఒక్కతే. అది పిలిస్తే నాకు వినపడాలి.

అందుకే స్పీకర్లు కొన్నాను. స్టూడియో మానిటర్లంటారు వాటిని. మానిటర్లు అంటే శివపార్వతి గారు టీవీలనుకుని, రెండెందుకు అన్నయ్యగారూ అని అడిగారు. చెవులు మూసుకోకుండా, గదిలోనే వాటిలో విని పని చేసుకోవచ్చు. కాకపోతే నా గది పదడుగులకి పదడుగులు, వట్టి సున్నం గోడలు. చప్పట్లు కొడితే గింగురుమంటుంది. గోడలకి మెత్తటి పలకలు తగిలిస్తే గానీ స్పీకర్లు పెట్టి లాభం లేదు. వాటికి జనం ఎక్కడెక్కడి నుంచో స్పాంజి తెప్పించుకుంటారు. పత్తి పండే నేల మీద ఉండి దూదికి కరువా అనుకున్నాను. అటక మీద సుధ పరుపుంది.

అక్కడే తప్పు చేశాను. పోయినవాళ్ళ పక్కబట్టలు, దిండు, పరుపు ఇంట్లో ఉంచరు. మోసుకెళ్ళేటప్పుడే వెంట పంపించేసి, శ్మశానం దగ్గర వదిలేస్తారు. మావాళ్ళూ అలాగే చేశారు. కానీ ఆ ఉదయం పరుపు తడిస్తే నేను డాబా మీద ఎండేశాను. సుధని మడిచిన బొంత మీద పడుకోబెట్టాను. ఆ గొడవలో డాబా మీద పరుపు ఎవరికీ గుర్తు రాలేదు. మూడో రోజు నేనే చూసి, చుట్టి, పాలిథీన్ సంచిలో పెట్టి అటక ఎక్కించాను. పారెయ్యబుద్ధి కాలేదు. ప్రత్తిపాడులో మా మామగారు సొంత చేలో తీసిన పత్తితో కుట్టించి ఇచ్చిన పరుపు అది.

దూది ఏకడానికి గౌస్ బాషాని పిలిచాను. తాతల నాటి నుంచి అదే పని ఆయనది. ట్రాలీ ఆటోలో మిషను వేసుకుని వచ్చాడు. పరుపు కుట్లు విప్పబోతూ ఆగి, అరచెయ్యి దాని మీద ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు.

"ఎవరు పడుకున్న పరుపు సార్?"

"చుట్టాలొస్తే వేసేది."

"పోయినవాళ్ళది కాదుగా. అట్టాంటిది మేం మిషన్లో వెయ్యం. ముద్ద కట్టినదాన్ని ముద్దగానే ఉండనియ్యాలి అనేవాడు మా నాయన. ఏకితే విడిపోద్ది."

కాదన్నాను. నా నోటికి అబద్ధం కొత్తేం కాదు, వందశాతం మొలక గ్యారంటీ అని రోజూ చెప్పే నోరే. ఆయన నా వైపు ఒకసారి చూసి మిషను దగ్గరికి వెళ్ళాడు. మిషను తిరిగింది. పెరడంతా దూది లేచింది. మందుల వాసన, కొబ్బరినూనె వాసన గుప్పుమన్నాయి. ఎనిమిది నెలలు మనిషి కదలకుండా పడుకున్నచోట దూది పసుప్పచ్చగా గడ్డకట్టి ఉంది. అది రెండుసార్లు తిప్పినా పూర్తిగా విడలేదు. చెక్క చట్రాల్లో దూది కూరి, ముతక గాడా గుడ్డ బిగించి ఆరు పలకలు చేసిచ్చాడు. ఆ పసుపు దూదంతా ఒక పలకలోకే వచ్చింది. దాన్ని ఎడమ గోడకి తగిలించాను, కావాలని కాదు, చేతికి ఏది వస్తే అది.

మే నెల రెండో వారం. మిర్చి యార్డుకి సెలవులిచ్చారు. లారీల రొద లేదు. ఎండకి వీధిలో కుక్క కూడా లేదు. గాల్లో ఘాటు మాత్రం ఎప్పటిలాగే ఉంది, ఇక్కడ పుట్టినవాళ్ళకి అది వాసన కిందే లెక్క రాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నాలు తిని పని మొదలుపెట్టాను. అన్విత పక్కనే నిలబడి అట్టపెట్టెలు కోసిపెట్టింది.

పని పెద్దదేం కాదు. మైకుని కంప్యూటరుకి కలిపే చిన్న పెట్టె ఒకటుంటుంది, ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. దాని వెనక రెండు రంధ్రాలుంటాయి, ఒకటి ఎడమ, ఒకటి కుడి. ఒక్కోదాన్నుంచి ఒక్కో కేబుల్ తీసి ఒక్కో స్పీకరుకి పెట్టాలి. స్పీకర్లు చెవుల ఎత్తులో, రెండూ మనకి సమాన దూరంలో ఉండాలి. వాల్యూం సున్నాలో పెట్టి, ముందు పెట్టె, ఆ తర్వాతే స్పీకర్లు ఆన్ చెయ్యాలి. అలాగే చేశాను. రెండింటికీ నీలం లైట్లు వెలిగాయి. పాత ప్రకటన ఒకటి వేస్తే నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గింగురు లేదు. గోడలు మాటని నమిలి మింగేస్తున్నాయి.

అప్పుడు పాపతో చెప్పాను. "నువ్వు వంటింట్లోకి వెళ్ళి పిలువు తల్లీ. నాకు వినపడుతుందో లేదో చూడాలి."

అన్విత పరిగెత్తింది. ప్రకటన నడుస్తూనే ఉంది. నాన్నా అని వినపడింది. హాల్లోంచి మళ్ళీ, తర్వాత వీధి గుమ్మంలోంచి. మూడుసార్లూ వినపడింది. ఏడాదిలో మొదటిసారి నాకు కొంచెం ఊపిరాడింది. సంతోషమేనేమో, ఠక్కున పోల్చుకోలేకపోయాను. శివపార్వతి గారింటికి వెళ్ళి ఆడుకోమని పాపని పంపించి, తలుపు దగ్గరగా వేసుకున్నాను. దగ్గరగా వేశానంతే. గడియ పెట్టలేదు.

ప్రకటన ఆపేశాను. ఏమీ నడవనప్పుడు స్పీకర్లలో గుయ్‌మనే రొద ఉందా లేదా అని వినాలి, అది పద్ధతి. మైకు వైరు కూడా పీకేశాను. కుడి స్పీకరు నిశ్శబ్దంగా ఉంది.

ఎడమది లేదు.

రొద కాదది. సన్నగా వచ్చి, ఆగి, మళ్ళీ వస్తోంది. కంప్యూటరు తెరమీద చప్పుడు కొలిచే ఎడమ గీత పచ్చగా లేచి పడుతోంది. మైకు వైరే లేని పెట్టెలోంచి గీత ఎలా లేస్తుంది? కేబుల్లో లోపమేమోనని కుడిదాన్ని ఎడమకి, ఎడమదాన్ని కుడికి మార్చాను. మా పనిలో ఎవరైనా చేసేదదే. కేబుల్ది తప్పయితే చప్పుడు కుడికి మారాలి. మారలేదు. స్పీకర్లనే అటుదిటు, ఇటుదటు మార్చాను. అయినా ఎడమవైపే.

కూర్చుని విన్నాను.

ఊపిరి. గొంతులో కఫం అడ్డుపడి, సగంలో తెగి, మళ్ళీ అందుకునే ఊపిరి. ఎనిమిది నెలల రాత్రులు పక్కన పడుకుని విన్న ఊపిరి...

"ఏమండీ."

భయం వేసిందా అని అడుగుతారు. కుర్చీ ఎడమవైపుకి జరుపుకున్నాను. అంతే. లేచి పారిపోవాలని అనిపించలేదు.

"ఏమండీ... దాహం."

వెనక దూరంగా ఇంకో గొంతు ఉంది. రండమ్మా రండి, ఎర్ర ఉల్లిపాయలు. ఆటో వీధిలోంచి పోతోంది. సుధ గొంతు వెనక సుధ గొంతు. అప్పుడు తెలిసింది ఇది ఏ రోజుదో. ఆ రోజు ఆటో పదింటికి రాలేదు, పన్నెండు దాటాక వచ్చిందని తర్వాత వీధిలోవాళ్ళు చెప్పారు. ప్రకటన అవగానే ఉల్లిపాయలు తీసుకోవాలి అనుకోవడం నాకు గుర్తుంది.

కానీ ఆ రోజు పరుపు డాబా మీద ఎండలో ఉంది. ఆ పిలుపు అందులోకి ఎలా వెళ్ళింది?

అది ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. విన్నాను. ఆ రోజు వినాల్సినదంతా కుర్చీలో కూర్చుని వరసగా విన్నాను. ఎన్నిసార్లు పిలిచిందో... మధ్యలో ఒకసారి దగ్గింది. ఒకసారి చిన్నగా నవ్వినట్టయింది, నా ప్రకటన గోడ అవతలి నుంచి వినపడి ఉంటుంది. నేను మైకులో "రైతు సోదరులారా" అన్నప్పుడల్లా సుధ నవ్వేది. నాకు సిగ్గేసింది. చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది.

"ఏమండీ."

"ఆఁ... వస్తున్నా" అన్నాను.

పైకే అన్నాను. ఆ రోజు అనాల్సిన మాట. గోడలు దాన్ని కూడా మింగేశాయి.

ఊపిరి ఆగింది. తెరమీద గీత పడిపోయింది. అయిపోయిందనుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చాలా దగ్గరగా, స్పీకరులోంచి కాదు, చెవి పక్కనుంచి అన్నట్టు...

"ఏమండీ. పిల్ల పిలుస్తోంది. వినపడట్లేదా?"

ఇది ఆ రోజు మాట కాదు.

గడియారం చూశాను. ఐదుంపావు. నేను కూర్చుని పావుగంటయి ఉంటుందనుకున్నాను. తలుపు లాగితే రాలేదు. లోపలి గడియ పడి ఉంది. నేను పెట్టలేదు. తీశాను.

అన్విత గడప అవతల నిలబడి ఉంది. మొహమంతా చెమట, కన్నీళ్ళు. తలుపు బాది బాది గుప్పిళ్ళు ఎర్రగా కందిపోయాయి. మోకాలు చీరుకుని రక్తం పాదం దాకా కారి ఎండిపోయింది. నన్ను చూసి నోరు తెరిచింది. మెడ నరాలు లేచాయి. పెదాలు కదిలాయి.

ఏమీ వినపడలేదు.

నా వెనక, కుడి స్పీకరులోంచి వచ్చింది.

"నాన్నా."

వెనక్కి వెళ్ళి కేబుల్ పీకేశాను. కరెంటు తీగ పీకేశాను. నీలం లైటు ఆరిపోయింది. రెండు తీగలూ నా చేతిలోనే ఉన్నాయి. పాప పెదాలు మళ్ళీ కదిలాయి.

"నాన్నా, ఎంతసేపు పిలిచాను నాన్నా..."

ఆరిపోయిన స్పీకరులోంచే.

గుంటూరులో చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాను. గొంతు శుభ్రంగా ఉందన్నాడు. దడుపు అయి ఉంటుంది, అదే వస్తుందన్నాడు. మిగతాది ఆయనకి చెప్పలేదు. గౌస్ బాషాకి చెప్పాను. పరుపు ఎవరిదో కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఆటో వేసుకుని వచ్చాడు, పలకలు దించి అమరావతి దగ్గర కృష్ణలో కలిపేద్దామని. ఎడమ గోడ పలక మీద చెయ్యి వేసి, ఆ రోజులాగే ఆగాడు. తర్వాత కుడి గోడ పలక మీద పెట్టాడు. పెట్టి, తీసేశాడు.

"ఇవి తీసేస్తే పాప మాట ఎక్కడికి పోద్దో నాకు తెలవదు సార్. తియ్యమంటే తీస్తా. మీరే చెప్పండి."

ఆయన ఖాళీ ఆటోతో వెళ్ళిపోయాడు.

పలకలు గోడల మీదే ఉన్నాయి. ఆ గదిలో, మహా అయితే గుమ్మం దగ్గర ఉంటే పాప మాట్లాడగలదు, ఇంకా దూరం పోతే లేదు. అందుకని ఈ మూడు వారాలూ మేమిద్దరం ఆ గదిలోనే ఉన్నాం. అన్నాలు అక్కడే. నేను కబుర్లు చెప్పేవాణ్ణి, అది మాట్లాడాలంటే నేనూ మాట్లాడాలిగా. తెలిసిన కథలన్నీ అయిపోతే విత్తనాల ప్రకటనలు చదివేవాణ్ణి. పాప నవ్వేది. నవ్వు కుడి మూలనుంచి వచ్చేది. దేనికైనా అలవాటు పడతాడు మనిషి. ఎడమ స్పీకరు మాత్రం ఆ రోజు తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఈ పొద్దున ఎనిమిదింటికి కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు, సాయంత్రం దాకా రాదన్నారు. గదిలో ఉక్క భరించలేక పాపని ఎదురింటికి పంపించాను. అది శివపార్వతి గారి అరుగు మీద, మా ఇంటివైపు వీపు పెట్టి, బొత్తాలు రంగుల వారీగా ఏరుతూ కూర్చుంది. పదింటికి ఉల్లిపాయల ఆటో వచ్చింది. ఆటో అతను మైకు డబ్బా మీద అరచేత్తో చరుస్తూ, సొంత గొంతుతో అరుచుకుంటున్నాడు. పొద్దుటి నుంచి రికార్డింగ్‌లో ఏమీ పలకడం లేదట. అంతా బాగానే ఉంది, గొంతు మాత్రం లేదు అని ఎవరికో చెబుతున్నాడు.

నేను గేటు దగ్గర నిలబడి పాపని పిలిచాను, గిన్నె పట్టుకు రమ్మని.

తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. దాని చెవులకేం లోపం లేదు. పక్కనే ఉన్న శివపార్వతి గారు కూడా తలెత్తలేదు. ఊపిరి బిగబట్టి, గొంతు చించుకుని పిలిచాను. నాలుక కదలడం, గొంతులో నరం లాగడం తెలుస్తోంది...

నా వెనక, ఇంట్లో, గదిలోంచి వినపడింది నా గొంతు.

"అన్వితా."

కరెంటు లేదు. తీగలు పీకేసి మూడు వారాలైంది.

ఆ వెంటనే ఎడమవైపు నుంచి సుధ గొంతు, ఆ మధ్యాహ్నం గదిలో నేను ఎలా అన్నానో అచ్చం అలాగే...

"ఆఁ... వస్తున్నా."

తర్వాత గడియ తీసిన చప్పుడైంది.

నేను లోపలికి వెళ్ళలేదు. రోడ్డు దాటి ఇటు వచ్చేశాను. అప్పటి నుంచి ఈ అరుగు మీదే ఉన్నాను. శివపార్వతి గారు ఏమైంది అన్నయ్యగారూ అని అడిగితే చెప్పడానికి నోరు రాక, ఈ పుస్తకం తీసుకున్నాను. మధ్యాహ్నం దాటింది. మా వీధి తలుపు తెరిచే ఉంది. ఇంకా ఎవరూ బయటికి రాలేదు.

పాప మణికట్టు నా ఎడమ చేతిలో ఉంది. గట్టిగానే పట్టుకున్నాను. బొత్తాలు ఏరడం ఎప్పుడో మానేసి మా గుమ్మం వైపే చూస్తోంది. ఇందాకట్నుంచీ ఆగి ఆగి తల ఊపుతోంది. ఎవరో పిలుస్తుంటే, వస్తున్నా వస్తున్నా అన్నట్టు.

నాకు ఏమీ వినపడడం లేదు.